తాతగారి ఎంపీకి నేను రాసిన ఉత్తరం

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగమే రాసుకున్నాను, అదీ పొడి అక్షరాలతో. ఒక పెద్దాయన నన్ను నమ్మి తన మాటలు రాసిపెట్టమంటే, నేను ఆ మాటలు తీసేసి నావి పెట్టాను. కింద ఆయన పేరే ఉంచి ఇంగ్లండ్‌లో ఒక పార్లమెంటు మెంబరుకి పంపించాను. ఆ తర్వాత ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పిందే పంపినట్టు చదివి వినిపించాను.

ఆయన నాకు బంధువు కాదు. మిషిగన్‌లోని నోవైలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి వచ్చే ఒక ఆంటీకి తండ్రి. నేను తాతగారూ అని పిలిచేదాన్ని. ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు. మనసు బాగున్న రోజున తల్లీ అనేవారు.

మా సంఘానికి సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు పొద్దున తమ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం హాలు మాకు ఇస్తారు. వాళ్ల కాఫీ వాసన పోకముందే మా బిర్యానీ వాసన వచ్చేస్తుంది. నాకు నలుగురిలో నోరు విప్పడం చేతకాదు. పాటలు పాడేవాళ్లతో నిలబడమన్నా, సండే స్కూల్ చెప్పమన్నా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. చివరికి పాస్టరమ్మగారు విసుగొచ్చి ప్రార్థన మనవుల నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. ఎవరికి ఏ అవసరం ఉంటే అది చీటీ మీద రాసి ఇస్తారు. నేను నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఆరాధన చివర ఒక్కొక్కటే చదవాలి. ఆ పని నాకు నచ్చింది. కాగితం వంక చూస్తే చాలు, మనుషుల వంక చూడక్కర్లేదు.

మనవులు దాదాపు ఎప్పుడూ అవే. హెచ్‌వన్ వీసా లాటరీ, ప్రాజెక్ట్ అయిపోయిన తమ్ముడికి ఇంకో ఉద్యోగం, బాపట్లలో అమ్మగారి మోకాళ్లు, మంచులో డ్రైవ్ చేసేవాళ్లకి క్షేమం. ఒక ఆదివారం ఆంటీ చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచొచ్చిన తాతగారు, చీటీ రాయలేక నోటితోనే చెప్పారు. వాళ్ల ఊళ్లో లైబ్రరీ మూసేస్తున్నారట, కౌన్సిల్ వాళ్లు గురువారం ఓటేస్తారట, వాళ్లకి మంచి బుద్ధి కలగాలట. ఏ ఊరండీ అని అడిగాను. ఇంగ్లండ్‌లో, అన్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది రాయక్కర్లేదులేమ్మా అని ఆంటీ కళ్లతోనే చెప్పారు. నేను రాశాను. లాటరీకీ మోకాళ్లకీ మధ్యలో, అదే గొంతుతో చదివాను. లైబ్రరీ మూసేయడం నాకు నవ్వులాటగా అనిపించలేదు.

తర్వాతి ఆదివారం ఆయన కృతజ్ఞత చెప్పడానికి వచ్చారు. లైబ్రరీ ఉంచారట, కానీ వారానికి మూడు రోజులే తెరుస్తారట. "దేవుడు సగం విన్నాడమ్మాయ్," అన్నారు. "మిగతా సగానికి మనం ఎంపీకి ఉత్తరం రాయాలి. నీకు నోరు తక్కువ, చేతిరాత బాగుంటుందని మా అమ్మాయి చెప్పింది. శనివారం వస్తావా?"

అలా మొదలైంది.

తాతగారు కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా పని నేర్చుకుని, కుర్రతనంలోనే ఇంగ్లండ్ వెళ్లారు. ముప్ఫై ఏళ్లకు పైగా అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో పని చేసి, ఆ దేశపు పౌరుడై, ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉన్నారు. భార్య పోయాక కూతురు మిషిగన్ తీసుకొచ్చేసింది. వచ్చిన ఏడాదే పక్షవాతం. కుడి చెయ్యి లేవదు. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. ఆయన ఇంగ్లీషు పోయింది. ఎవరైనా మాట్లాడితే అర్థమయ్యేది, తిరిగి చెప్పబోతే మాట వచ్చేది కాదు. అక్షరాలు చూస్తే చీమల్లా కనిపిస్తున్నాయనేవారు. చిన్నప్పటి తెలుగు మాత్రం, కాస్త ఆగి ఆగి అయినా, చెక్కుచెదరకుండా మిగిలింది. ఇంట్లో అల్లుడుగారు కన్నడం ఆయన, మనవరాళ్లకి ఇంగ్లీషు తప్ప రాదు. ఆంటీ ఫార్మసీలో రోజంతా నిలబడి వచ్చేసరికి ఆవిడ ఓపిక అయిపోయేది. అంటే ఆ ఇంట్లో ఆయన మాట పూర్తిగా వినే మనిషి శనివారం మధ్యాహ్నం వెళ్లే నేను ఒక్కదాన్నే.

నేను వెళ్లేసరికి లాప్‌టాప్‌లో బ్రిటిష్ పార్లమెంటు నడుస్తూ ఉండేది. అటు ఆకుపచ్చ బెంచీలు, ఇటు ఆకుపచ్చ బెంచీలు, లేచేవాళ్లు, కూర్చునేవాళ్లు. మొదట్లో నాకు వాళ్లంతా ఒకేలా కనపడేవారు. తాతగారు ఎవరు ఏ ఊరో చెప్పేవారు. "వీడు మాట్లాడేది ఎక్కువ, చదివేది తక్కువ. అదిగో ఆ వెనకావిడ ఉందే, లేచిందంటే కాగితం చూడదు." చలికాలంలో ముసలివాళ్లకి ఇల్లు వెచ్చగా ఉంచుకోడానికి ఇచ్చే సాయం తగ్గించాలా వద్దా, పదహారేళ్లకే ఓటు ఇవ్వచ్చా, ముసలాళ్ల ఉచిత బస్సు పొద్దున తొమ్మిది లోపు కూడా ఎక్కనివ్వాలా, ఇవీ మా గొడవలు. ఇంటి బయట అడుగున్నర మంచు, లోపల నేనూ ఆయనా ఎక్కడో ఉన్న ఒక ఊరి బస్సు గురించి గంటన్నర వాదించుకునేవాళ్లం. పదహారేళ్ల పిల్లలకి ఓటా, వాళ్లకేం తెలుసు అనేవారాయన. మీరు పదహారేళ్లకి ఏం చేస్తున్నారు తాతగారూ అని అడిగితే, ఆస్పత్రిలో శవాలు మోస్తున్నాను అని చెప్పి, తర్వాత తనే, సరే ఇవ్వచ్చులే అన్నారు. ఎవరితోనూ వాదించని నేను ఆయనతో వాదించేదాన్ని. ఎందుకో ఆయన దగ్గర నా గొంతు నాకు కొత్తగా అనిపించేది కాదు.

ఆదివారం భోజనాల దగ్గర ఆయన్ని అందరూ ఆటపట్టించేవారు. కార్ల కంపెనీలో మేనేజర్‌గా ఉన్న ఒక అంకుల్ అయితే ప్లేటు పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చునేవారు. "ఏమండీ, మీ దొరల దేశంలో మోకాలి ఆపరేషన్‌కి ఏళ్ల తరబడి క్యూ అట కదా?" తాతగారు తాపీగా పెరుగన్నం కలుపుకుంటూ, "క్యూలో నిలబెడతారు నాన్నా. కానీ నీ ముందు ఎవడున్నాడో నీకు కనపడతాడు. ఇక్కడ నాకు అపాయింట్‌మెంట్ కావాలంటే మా అమ్మాయి ముందు ఇన్సూరెన్స్ వాడితో మాట్లాడాలి, వాడు నన్ను పుట్టాక ఒక్కసారీ చూళ్లేదు," అనేవారు. అంకుల్ నవ్వేసి ఆయన ప్లేటులో ఇంకో చికెన్ ముక్క వేసేవారు. ఇద్దరికీ అదొక సరదా.

ఉత్తరాల సంగతికి వస్తాను. వేరే దేశంలో ఉంటున్నా పాత ఊళ్లో ఓటు పోదని అక్కడ రూలు మారిందట. కాబట్టి ఆ ఊరి ఎంపీ తనకి జవాబు ఇచ్చి తీరాలి అన్నది తాతగారి లెక్క. నెలకో ఉత్తరం. ఆయన తెలుగులో చెప్పేవారు, నేను నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని, తర్వాత ఇంగ్లీషులో టైప్ చేసి, దాన్ని మళ్లీ తెలుగులో ఆయనకి చెప్పి, ఈమెయిల్ చేసేదాన్ని. ఎంపీకి అనవసరమైన పొగడ్త వద్దనేవారు. ఒక ఉత్తరంలో ఒకే సంగతి ఉండాలనేవారు. ఆవిడ ఆఫీసు నుంచి జవాబు వస్తే నేను చదివి తెలుగులో చెప్తుంటే, కళ్లు మూసుకుని వినేవారు. "రోడ్డు మీద గుంట పూడుస్తారట" అని నేను ముగిస్తే, "ఎప్పుడో చెప్పలేదు చూశావా" అని కళ్లు తెరిచేవారు.

ఇంత చనువున్నా ఆయనకి నేను చెప్పని విషయం ఒకటుంది. మా అక్క ఇంగ్లండ్‌లోనే ఉంది.

అక్క తెనాలిలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్పేది. నాలుగేళ్ల కిందట కేర్ వీసా మీద బావనీ పాపనీ తీసుకుని వెళ్లింది. సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్లో, ముసలివాళ్లుండే కేర్ హోమ్‌లో పని. వాళ్లని లేపడం, స్నానాలు చేయించడం, తినిపించడం. ఆ వీసా ఆ యజమానికే కట్టేసి ఉంటుంది. వరసగా షిఫ్టులు వేసినా, సెలవు ఇవ్వకపోయినా ఊరుకోవాలి. మానేస్తే కొద్ది రోజుల్లోనే ఇంకో యజమానిని వెతుక్కోవాలి, లేదంటే తిరిగి రావాలి. అక్క నడుం పాడైపోయింది. ఐదేళ్లు నిండితే పీఆర్ కి, అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోడానికి అప్లై చేసుకోవచ్చు, అది వచ్చిన మర్నాడే ఈ పని మానేసి మళ్లీ స్కూల్లో ఏదైనా చూసుకుంటానని ప్రతి శనివారం పొద్దున ఫోన్లో అనేది. ఇంకా పద్నాలుగు నెలలే, ఇంకా పదమూడే.

ఇదంతా తాతగారికి ఎందుకు చెప్పలేదంటే, మొదటి నెలలోనే ఆయన ఒక మాట అన్నారు. టీవీలో కేర్ వీసాల గురించి ఏదో వస్తుంటే, "మేం పరీక్షలు మళ్లీ రాసి, ఏళ్ల తరబడి కింది పనులు చేసి పైకొచ్చాం. వీళ్లు ఏజెంట్ల దగ్గర ఉద్యోగాలు కొనుక్కొచ్చారు," అన్నారు. అక్క కూడా ఏజెంట్ ద్వారానే వెళ్లింది. నేను టీ కప్పు తీసుకెళ్లి సింక్‌లో కడిగి వచ్చాను. మా మధ్య దాపరికం మొదలైంది నా వైపు నుంచే, ఆ రోజే.

ఫిబ్రవరిలో ఒక శనివారం వెళ్లేసరికి ఆయన హుషారుగా ఉన్నారు. పీఆర్ కోసం ఆగాల్సిన ఐదేళ్లని రెట్టింపు చేయాలని, కేర్ పనివాళ్లకి ఇంకా పెంచాలని, ఇప్పటికే అక్కడున్నవాళ్లకీ అదే వర్తింపజేయాలని ప్రభుత్వం ఆలోచిస్తోంది. దాని మీద త్వరలో పార్లమెంటులో చర్చ ఉంటుందట. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలుసు. అక్క ఫోన్లో చెప్పి ఏడ్చింది. ఏడ్చి, పాపని స్విమ్మింగ్ కి తీసుకెళ్లాలి అని పెట్టేసింది.

తాతగారు ఉత్తరం చెప్పడం మొదలెట్టారు. నేను రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది. "నేనూ బయటి నుంచి వచ్చినవాణ్ణే. నన్ను చాలాకాలం గుమ్మంలోనే నిలబెట్టారు. అప్పుడు బాధపడ్డాను. కానీ అలా నిలబడ్డందుకే ఆ ఇల్లు నాదయ్యాక దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. కాబట్టి గడువు పెంచడం తప్పు కాదు. వచ్చినవాళ్లని ఆగమనండి." చెప్పడానికి ఆయనకి అరగంట పట్టింది. ఒక్కో మాటనీ పెదవులతో వెతుక్కున్నారు.

తర్వాత ఆయన కునుకు తీశారు. నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొదటి రెండు వాక్యాలూ ఆయన చెప్పినట్టే టైప్ చేశాను. మూడోదానికి వచ్చేసరికి పొద్దున అక్క గొంతు వినపడింది. నేను ఇంగ్లీషులో రాసింది ఇది: గుమ్మంలో నిలబడ్డం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పటికే మీ తల్లులకి స్నానం చేయించి, అన్నం తినిపిస్తున్నవాళ్లకి దారి మధ్యలో మైలురాళ్లు జరపకండి. వాళ్లు ఏ మాట నమ్ముకుని బయలుదేరారో ఆ మాట నిలబెట్టుకోండి.

నా జీవితంలో నేను అంత తొందరగా ఏదీ రాయలేదు. ఆయన లేచాక చదవమన్నారు. నేను స్క్రీన్ చూస్తున్నట్టు తల అటే పెట్టి, పక్కనున్న నోట్‌బుక్‌లోంచి ఆయన మాటలే చదివాను. "బాగుంది తల్లీ," అన్నారు. పంపించేశాను.

మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. ఎప్పటి జవాబుల్లా లేదు. ఆ ఉత్తరం తనని కదిలించిందని ఎంపీయే రాశారు. తాతగారు ఒప్పుకుంటే, పేరు చెప్పకుండా, మా ఊరి రిటైర్డ్ నర్సు ఒకరు అని చెప్పి, అందులో మూడు వాక్యాలు చర్చలో చదువుతారట. మైలురాళ్ల వాక్యం అందులో ఒకటి.

ఆఫీసులో పార్కింగ్ లాట్‌లో, కార్‌లో కూర్చుని అది నాలుగుసార్లు చదువుకున్నాను. మొదట గర్వంగా అనిపించింది. అది దాచను. నా వాక్యం ఆ ఆకుపచ్చ బెంచీల మధ్య వినపడుతుంది. అక్కకి మేలు జరిగినా జరగొచ్చు. ఆ తర్వాత గుర్తొచ్చింది, తాతగారు ఒక్క చర్చ కూడా వదలరు, విన్న ఇంగ్లీషు ప్రతి ముక్కా ఆయనకి అర్థమవుతుంది. ఒప్పుకోవడం లేదని ఆయన తరఫున నేనే రాసేస్తే విషయం ఇంతటితో పోతుంది. ఆ ఈమెయిల్ కి పాస్‌వర్డ్ తెలిసింది నాకే. కానీ రెండోసారి ఆయన పేరు మీద రాయడానికి చెయ్యి రాలేదు.

శనివారం వెళ్లి చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోలేదు. అక్క సంగతి, ఏజెంట్ సంగతి, నోట్‌బుక్‌లోంచి చదివిన సంగతి, అంతా. ఆయన పార్లమెంటుని ఆపేశారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. చాలాసేపు ఎడం చేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే తిన్నగా చేసుకుంటూ కూర్చున్నారు.

"నా నోరు సగం జబ్బు పట్టుకుపోయింది," అన్నారు చివరికి. "మిగిలిన సగం నీకిచ్చాను."

నేను ఏడుస్తుంటే ఆపమనలేదు. కొంతసేపటికి, కూర్చుని టైప్ చెయ్యమన్నారు. ఆయన చెప్పింది ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. వెనకటి ఉత్తరం తనది కాదని, తన అభిప్రాయం దానికి వ్యతిరేకమని, గడువు పెంచడాన్ని తను సమర్థిస్తానని. ఆ మాటలు రాసినమ్మాయి అక్క అక్కడి కేర్ హోమ్‌లో పని చేస్తోందని, కావాలంటే ఆ అమ్మాయి మాటలుగా చదువుకోవచ్చని, తనవిగా మాత్రం చదవొద్దని. నా అక్కకి వ్యతిరేకంగా నా వేళ్లతోనే రాశాను. రాసి, ఆంటీని పిలవమంటారా, ఆవిడ సరిచూస్తారు అన్నాను. పిలిస్తే ఆవిడకి అంతా తెలిసిపోతుంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నువ్వే చదువు," అన్నారు.

స్క్రీన్ ఆయన వైపు తిప్పి, ఆయన చదవలేరని తెలిసి కూడా, ఒక్కో వరస కింద వేలు పెట్టి చదివాను. పంపించాక, వచ్చే శనివారం రమ్మని ఆయన అనలేదు. నేను అడగలేదు. ఆ వారమంతా ఆఫీసు నుంచి వచ్చి డైరీ ముందు పెట్టుకుని, తేదీ వేసి, మూసేసేదాన్ని. శనివారం వెళ్లలేదు.

ఆదివారం చర్చికి మాత్రం వెళ్లక తప్పలేదు, నోట్‌బుక్ నా దగ్గరుంది కాబట్టి. ఆయన ఆంటీ పక్కన కూర్చుని ఉన్నారు. నా వంక చూడలేదు. చీటీలు పోగుచేస్తుంటే ఆంటీ ఒకటి ఇచ్చి, నాన్నగారు రాయించారమ్మా, ఎవరో ఏమిటో చెప్పరు అన్నారు. నేను మామూలుగా అన్నీ ముందే చూసుకుంటాను. ఆ రోజు భయమేసి దాన్ని చూడలేదు. ఆరాధన చివర లేచి నిలబడి, లాటరీ, మోకాళ్లు, ఇల్లు కొనుక్కుంటున్నవాళ్లు, అలా చదువుకుంటూ వెళ్లి ఆ చీటీ తెరిచాను. ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పని చేస్తున్న ఒక అమ్మాయికి నడుం నొప్పి తగ్గాలి, అని ఉంది. నడుం అనే దగ్గర ఆగిపోయాను. జనం తలెత్తి చూశారు. పాస్టరుగారు నా చేతిలోంచి చీటీ తీసుకుని ఆ వాక్యం మిగతాది చదివారు. అందరూ కళ్లు మూసుకుని మా అక్క నడుం కోసం ప్రార్థన చేశారు. ఎవరి నడుమో ఒక్కరికీ తెలియదు.

భోజనాల దగ్గర ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్లి కూర్చున్నాను. "ఫోన్ చేసి ఇవ్వు," అన్నారు, నా వంక చూడకుండానే.

వీడియోలో అక్క యూనిఫాంలోనే ఉంది, షిఫ్ట్ అయ్యి అప్పుడే ఇంటికొచ్చింది. వందనాలండీ అంది. ఆయన నమస్కారం కూడా లేకుండా, మంచంలో ఉన్న మనిషిని పక్కకి ఎలా తిప్పుతున్నావో చూపించమన్నారు. అక్క తెల్లబోయి, సోఫా మీద దిండు పెట్టి చూపించింది. "అదీ సంగతి. నడుంతో లాగుతున్నావు. మోకాలు మంచానికి ఆనించు. నువ్వు వెనక్కి ఒరుగు, ఆ మనిషే నీతో వస్తాడు," అన్నారు. మేనేజర్ అంకుల్ ప్లేటు పట్టుకుని వచ్చి, ఏంటండీ, జూమ్‌లో నర్సింగ్ కాలేజీ పెట్టారా అన్నారు. తాతగారు పట్టించుకోలేదు. పావుగంట పాటు అక్క చేత ఆ దిండుని అటూ ఇటూ తిప్పించారు. ఆ తర్వాత ఉన్నట్టుండి, "నేను నీకు వ్యతిరేకంగా రాశానమ్మా, తెలుసా?" అన్నారు.

"చెల్లి చెప్పిందండి," అంది అక్క. "రాసుకోండి తాతగారూ. మా అత్తగారితో మొదలుపెడితే నాకు వ్యతిరేకం కానివాళ్లెవరు?"

పక్షవాతం వచ్చాక ఆయన నోరంతా తెరిచి నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఎంపీ ఆఫీసు నుంచి చిన్న జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి, ఆ మాటలు రాసినవాళ్లు తమ ఊరివాళ్లు కాదు కాబట్టి సభలో చదవలేమని, ఆ అక్కనే తనుంటున్న ఊరి ఎంపీకి రాయమనండి, ఓటు లేకపోయినా ఫర్వాలేదని రాశారు. అది చదివి వినిపిస్తే ఆయనకి ఎక్కడలేని సంతోషం. ఇదే కదా నేను చెప్పేది ఆ దేశం గురించి అన్నారు. అక్క మొదట భయపడింది, యజమానికి తెలిస్తే ఏమవుతుందో అని. తాతగారు రెండు వారాలు ఫోన్లో నచ్చజెప్పారు. చివరికి ఒక ఆదివారం అక్క తన ఇంగ్లీషులో తనే రాసుకుంది. పంపేముందు మాకు చదివి వినిపించింది. ఒక చోట నేను మాట సరిచేయబోతే ఆయన ఎడం చెయ్యి ఎత్తి, "నువ్వు దాన్ని ముట్టుకోకు," అన్నారు.

మా శనివారాలు మళ్లీ మొదలయ్యాయి. ఆయన అభిప్రాయం మారలేదు. అక్కకి నడుం ఎలా కాపాడుకోవాలో నేర్పించి, ఆ వెంటనే గడువు ఎందుకు పెంచాలో కూడా ఆమెకే వివరించేవారు. అక్క కూర తరుగుతూ వాదించేది. మధ్యలో నేనుండేదాన్ని, ఫోన్ పట్టుకుని.

నవంబర్‌లో ఆయనకి మళ్లీ స్ట్రోక్ వచ్చింది. ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్లింది శనివారం మధ్యాహ్నమే. కిటికీ అవతల సన్నగా మంచు పడుతోంది. ఆంటీ నన్ను కూర్చోబెట్టి కిందికి టీకి వెళ్లారు. ఆయన మొహం ఒక పక్కకి జారిపోయి ఉంది, తెలుగు కూడా నీళ్లలోంచి వస్తున్నట్టు వచ్చింది. అక్కకి వాళ్ల ఎంపీ నుంచి జవాబొచ్చిందని చెప్పాను. మంత్రిగారికి రాస్తానన్నారట. ఎప్పుడో చెప్పలేదు తాతగారూ అని నేనే అన్నాను. కళ్లతో నవ్వారు. రూలు సంగతి ఇంకా తేలలేదని, అక్కకి ఇంకా నాలుగు నెలలుందని, ఆ నాలుగు నాలుగుగానే ఉంటాయో ఏళ్లవుతాయో తెలియడం లేదని చెప్పాను. అక్క మాత్రం ఇప్పుడు మోకాలు ఆనించే తిప్పుతోందని చెప్పాను.

ఆయన మంగళవారం పోయారు. నేను ఇది రాసేనాటికీ ఆ రూలు సంగతి మా అక్క విషయంలో తేలలేదు.

ఆస్పత్రిలో ఆ శనివారం నేను లేచి కోటు వేసుకుంటుంటే ఎడం చెయ్యి కదిలించి దగ్గరికి పిలిచారు. వంగాను. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ అన్నారు:

"రూలు రూలే అమ్మాయ్. మీ అక్క మాత్రం అక్కణ్ణుంచి కదలకూడదు. ఈ రెండూ ఒకే ఉత్తరంలో ఎలా రాయాలో నువ్వే చూడు తల్లీ."